ఆర్చికి ముందు ఆ బీరువా తెరవండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఉన్నత పాఠశాలల పూర్వ విద్యార్థుల సంఘాలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

వచ్చే ఒకటి రెండేళ్ళలో మీలో చాలామంది బడికి వందేళ్ళ పండగో, వజ్రోత్సవమో చెయ్యబోతున్నారు. వాట్సాప్ గ్రూపుల్లో చందాల పట్టీలు అప్పుడే తిరుగుతున్నాయి. గేటు దగ్గర ఆర్చి, దాతల పేర్లతో నల్లరాతి పలక, ఆర్టు పేపరు మీద రంగుల సంచిక, బ్యాచికో రంగు టీషర్టు, మధ్యాహ్నం భోజనాలు. చెయ్యండి, వద్దనేవాళ్ళెవరూ లేరు. మేం అడిగేది ఒక్కటే. ఆ చందాలోంచి మొదటి పదిహేను వేలూ, ఆ ఉత్సాహంలోంచి మొదటి రెండు నెలలూ హెడ్మాస్టరు గది పక్కనున్న తుప్పుబీరువాకి ఇవ్వండి. అడ్మిషన్ రిజిస్టర్లు, ఇన్‌స్పెక్టర్లు రాసిపెట్టిన లాగ్ బుక్కులు, టి.సి. కౌంటర్‌ఫాయిళ్ళు అందులోనే ఉంటాయి. ఆర్చి మరో ఏడాదికైనా కట్టుకోవచ్చు. ఈ పుస్తకాలకి మరో తుపాను తట్టుకునే ఓపిక ఉందో లేదో చెప్పలేం.

పండక్కి వచ్చేదెవరో ఒకసారి ఆలోచించండి. పదో తరగతి గట్టెక్కి, ఏదో ఒక ఉద్యోగంలో కుదురుకుని, ఫోన్ నంబరు ఎవరో ఒకరి దగ్గర మిగిలినవాళ్ళు. థర్డ్ ఫారంలో, అంటే ఎనిమిదో తరగతిలో మానేసి నెల్లిమర్ల జూట్ మిల్లుకో, నౌపడ ఉప్పు కొటార్లకో వెళ్ళిపోయినవాడు రాడు. ఏడో తరగతిలో పెళ్ళై వెళ్ళిపోయిన పిల్ల నంబరు ఏ గ్రూపులోనూ లేదు. వీళ్ళందరూ ఒకేచోట, ఒకే వరసలో, ఒకే కొలత గడుల్లో ఉన్నారంటే అది అడ్మిషన్ రిజిస్టరులోనే. పలక మీద పేరెక్కబోయే దాతకీ, ఫీజు కట్టలేక పేరు తీసేయించుకున్నవాడికీ అక్కడ చెరో గీత, అంతే. బడి చరిత్ర రాయాలంటే ఆ పుస్తకం నుంచి మొదలుపెట్టాలి. వేదిక మీది ప్రసంగాల నుంచి కాదు.

ఉపయోగం సంగతి కూడా ఉంది. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చినా, మన పల్లెల్లో చాలాకాలం పురుళ్ళు ఇంట్లోనే పోసుకున్నారు, నమోదు ఎవరూ పట్టించుకోలేదు. 2023 అక్టోబరు 1కి ముందు పుట్టినవాళ్ళకి పాస్‌పోర్టులో పుట్టినతేదీ రుజువుగా బడి టి.సి. ఇప్పటికీ చెల్లుతుంది. స్థానికత తేల్చాలంటే నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి. వంశధార ప్రాజెక్టు రెండో దశలో, హిరమండలం జలాశయం కింద ఊళ్ళకి ఊళ్ళే పోయాయి. ఆ ఊరివాళ్ళు అక్కడ ఉండేవాళ్ళని చెప్పే కాగితాల్లో, ఆ పక్క బడి రిజిస్టరులోని నివాసం గడి ఒకటి. రిజిస్టరు పోతే సర్టిఫికెట్ ఇవ్వడానికి హెడ్మాస్టరుకి ఆధారం ఉండదు. ఆయన మంచివాడైనా, మీ బ్యాచి మేటైనా చేసేదేమీ లేదు.

ఇక లోపల ఏముంటుందో చెప్తాం. పాత అడ్మిషన్ రిజిస్టరు తెరిస్తే ఎదురెదురు పేజీల మీద పరిచిన గడులు కనిపిస్తాయి: అడ్మిషన్ నంబరు, చేరిన తేదీ, పేరు, తండ్రి లేదా సంరక్షకుడి పేరు, వృత్తి, ఊరు, మతం, కులం, మాతృభాష, పుట్టినతేదీ, అంతకుముందు చదివిన బడి, చేరిన తరగతి, మానిన తేదీ, మానిన తరగతి, కారణం, టి.సి. నంబరు. బాగా పాతవాటిలో మశూచికి టీకా వేయించారా అన్న గడి కూడా ఉంటుంది. అందరూ చేసే పని, తమ పేరో తాత పేరో వెతుక్కుని ఫోటో తీసుకోవడం. అడ్డంగా చదివితే దొరికేది ఒక మనిషి. ఒక్కో గడినీ పైనుంచి కిందకి నిలువుగా, ఇరవై ఏళ్ళ మేర చదవండి, ఊరు దొరుకుతుంది.

వృత్తి గడినే తీసుకోండి. పొందూరు చుట్టుపక్కల నేత, బుడితి వైపు ఇత్తడి పని, పలాస వైపు జీడి, మిగతా అంతటా వ్యవసాయం. వ్యవసాయం అన్నచోట ఎన్నేళ్ళ తర్వాత ‘కూలి’ అన్న మాట రాయడం మొదలైందో చూడండి. కూలివాళ్ళ పిల్లలు హైస్కూలు దాకా రావడం ఎప్పుడు మొదలైందో ఆ ఒక్క గడే చెప్తుంది. మాతృభాష గడిలో ఇచ్ఛాపురం, సోంపేట, మందస వైపు ఒడియా, ఏజెన్సీ అంచు బళ్ళలో సవర. అంతకుముందు చదివిన బడి అన్న గడిలో 1942 దగ్గర ఆగి చూడండి. ఆ ఏడాది బర్మా జపాను చేతిలో పడింది, రంగూన్‌లో పనిచేసుకుంటున్న మన జిల్లాల కుటుంబాలు తిరిగొచ్చాయి. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయి, జనం లోపలి ఊళ్ళకి పరుగెత్తారు. జూన్‌లోనో, జూలైలోనో ఎక్కడెక్కడి బళ్ళ నుంచో వచ్చిన పిల్లల పేర్లు వరసగా కనబడితే కారణం అదే కావచ్చు. 1960ల మధ్య బర్మా నుంచి వచ్చిన రెండో విడత కూడా అలాగే కనిపిస్తుంది. మానిన కారణం గడి చాలా బళ్ళలో ఖాళీ. ఉన్నచోట ‘గైర్హాజరు వల్ల పేరు తొలగింపు’ అని ఒకే మాట. ఆ మాట పక్క తేదీలు లెక్కేసి చూడండి. ఉడుపుల నెలలో, గోగు కోత నెలలో ఎన్ని వచ్చాయో తెలిస్తే కారణం వేరే రాయక్కర్లేదు.

మొదటి ఆడపిల్ల అడ్మిషన్ నంబరు ఎంత? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు వెతికితే సంచికలో ముందుపేజీకి సరిపోయే విషయం దొరుకుతుంది. మంత్రిగారి సందేశం కంటే అదే ఎక్కువమంది చదువుతారు.

చదవడంలో పొరపాట్లు జరిగేచోట్లు కొన్నున్నాయి. ఫస్ట్ ఫారం అంటే ఆరో తరగతి, సిక్స్త్ ఫారం అంటే పదకొండు, ఎస్.ఎస్.ఎల్.సి. అప్పట్లో పదకొండో తరగతి. ‘ఫోర్త్ ఫారంలో మానేశాడు’ అన్నదాన్ని నాలుగో తరగతి అని సంచికలో అచ్చేస్తే తొమ్మిది చదివినవాణ్ణి నాలుగుతో ఆపేసినట్టవుతుంది. పుట్టినతేదీల్లో జూలై 1 అదేపనిగా వస్తుంది. ఇంట్లో తేదీ చెప్పలేనప్పుడు బడికి ఈడు సరిపోయేలా మాస్టారు వేసిన తేదీ అది. దాన్ని బట్టి సర్టిఫికెట్ ఇవ్వచ్చు గానీ, ‘ఆ రోజు ఇంతమంది పుట్టారు’ అని మురిసిపోకండి. పేర్లు ఇంగ్లీషులో రాసి ఉంటాయి, ఒక గుమాస్తా స్పెల్లింగు ఇంకో గుమాస్తాకి ఉండదు. శ్రీకాకుళాన్ని చికాకోల్ అనీ, భీమిలిని బిమ్లిపటం అనీ రాసిన కాలం. సింహాచలం, పైడితల్లి లాంటి పేర్లు మన వైపు ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ కూడా ఉంటాయి. పేరు చూసి ఆడపిల్లల లెక్క తేల్చేస్తే తప్పుతుంది. మొదటి ఆడపిల్ల ఎవరని వెతికేవాళ్ళు ఇది మరీ గుర్తుంచుకోవాలి.

బడి పుట్టిన సంవత్సరం దగ్గర ప్రతి సంఘంలోనూ తగువు వస్తుంది. శంకుస్థాపన రాయి ఒక ఏడాది చెప్తుంది, గుర్తింపు ఉత్తర్వు ఇంకొకటి, మొదటి ఎస్.ఎస్.ఎల్.సి. బ్యాచి పెద్దలు మరొకటి. సాధారణంగా వీటిలో ఏది పాతదైతే దాన్నే ఫ్లెక్సీ మీద వేసేస్తారు. నిజానికి మూడూ వేరు వేరు సంగతులు. చాలా బళ్ళు ముందు ఎలిమెంటరీగానో, మిడిల్ స్కూలుగానో మొదలై తర్వాత హైస్కూలయ్యాయి. రిజిస్టర్లలో అడ్మిషన్ నంబరు 1 రెండుసార్లు కనబడితే, రెండోది స్థాయి పెరిగినప్పుడు కొత్త పుస్తకం తెరిచి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టిన చోటు అయి ఉండొచ్చు. లాగ్ బుక్కు మొదటి పేజీతోనూ, ఉత్తర్వుతోనూ సరిచూసి, ‘మిడిల్ స్కూలుగా ఫలానా ఏడు, హైస్కూలుగా ఫలానా ఏడు’ అని రెండూ వెయ్యండి. పరువేమీ తగ్గదు.

పాత ముద్రల మీద జిల్లా పేరు చూసి వేరే బడి కాగితమేమో అనుకుని పక్కన పారేసే ప్రమాదం ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం విడిపోయేదాకా శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట వైపు గంజాం జిల్లా. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లా. పార్వతీపురం బడి కాగితాల మీదైతే నాలుగు జిల్లాల పేర్లుంటాయి: విశాఖపట్నం, 1950 నుంచి శ్రీకాకుళం, 1979 జూన్ 1 నుంచి విజయనగరం, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం. రాజాం అదే రోజున శ్రీకాకుళం నుంచి విజయనగరానికి మారింది. యాజమాన్యమూ అంతే. డిస్ట్రిక్ట్ బోర్డు కాలంలో బోర్డు హైస్కూలు. 1959లో జిల్లా పరిషత్తులు వచ్చాక జిల్లా పరిషత్ హైస్కూలు. పై ఆఫీసులో ఉండాల్సిన నకలు కోసం వెళ్ళేటప్పుడు, ఆ ఏడాదికి మీ ఊరు ఏ జిల్లాలో ఉందో, బడి ఎవరి కింద ఉందో రాసుకుని వెళ్ళండి. లేకపోతే ‘మా దగ్గర లేదు’ అన్న మాట నిజమే అవుతుంది, పని మాత్రం కాదు.

లాగ్ బుక్కు గురించి రెండు మాటలు. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడల్లా చూసిందీ, అడిగిందీ, దిద్దమన్నదీ అందులో రాసి సంతకం పెట్టేవారు. ఏ ఏడాది ఎన్ని బెంచీలు తక్కువ, ఏ గదికి కప్పు లేదు, తుపానుకి ఎన్నాళ్ళు బడి మూసేశారు, ఏ సబ్జెక్టుకి మాస్టారు లేడు, అన్నీ దొరుకుతాయి. మన రెండు జిల్లాలకి ఇది మరీ అపురూపం. విజయనగరంలో 1857లో పెట్టిన రాజావారి బడి 1879కి కాలేజీ అయింది, గురజాడ అప్పారావు అక్కడే చదివి అక్కడే పాఠం చెప్పారు. శ్రీకాకుళం పక్క పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టారుగా చేరారు. పిల్లలకి ఏ తెలుగులో చదువు చెప్పాలన్న వాదాన్ని ముందుకు తెచ్చినవాళ్ళు బడిపంతుళ్ళూ, యేట్స్ అనే బళ్ళ ఇన్‌స్పెక్టరూ. 1910ల్లో ఎస్.ఎస్.ఎల్.సి. వ్యాసం వాడుక తెలుగులో రాయచ్చా, గ్రాంథికంలోనే రాయాలా అన్నది పెద్ద గొడవ. ఆ నాటి లాగ్ బుక్కు మీ బీరువాలో ఉంటే, తెలుగు పాఠం గురించి ఇన్‌స్పెక్టరు ఏం రాశాడో చూడండి. ఏమీ రాయకపోయినా నష్టం లేదు. బెంచీల లెక్క ఎలాగూ ఉంటుంది.

ఇప్పుడు పాడుచేసే సంగతులు. వానా, చెదా తర్వాత ఎక్కువ పాడుచేసేది మంచి మనసుతో బాగుచేయబోయేవాళ్ళే.

చిరిగిన పేజీకి సెల్లో టేపు వెయ్యకండి. కొన్నేళ్ళకి టేపు ఊడిపోతుంది, జిగురు మాత్రం పసుపుపచ్చగా కాగితంలోకి దిగి అక్షరాన్ని మింగేస్తుంది. లామినేషన్ అసలే వద్దు. వేడికి ప్లాస్టిక్ కాగితానికి అతుక్కుపోతే మళ్ళీ విడదీయలేం, లోపలున్న ఆమ్లం లోపలే పనిచేసుకుంటూ పోతుంది. బైండరుకి ఇచ్చేముందు రెండు షరతులు రాసివ్వండి. కటింగ్ మిషన్ మీద అంచులు కొయ్యకూడదు, ఎందుకంటే అడ్మిషన్ నంబరూ, హెడ్మాస్టరు ఎర్రసిరా రాతలూ ఆ అంచునే ఉంటాయి. పక్కనుంచి పొడిచి కుట్టకూడదు, మడతల గుండానే కుట్టాలి. పక్కకుట్టు వేస్తే పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, మధ్య గడి దారం కిందకి పోతుంది. పోయే గడి చాలాసార్లు పుట్టినతేదీయే. జిగురులో మైలుతుత్తం (రాగి సల్ఫేటు) కలపడం మన బైండర్లకి అలవాటు. పురుగు రాదు, నిజమే. కానీ ఆ రాగి కాలం గడిచేకొద్దీ కాగితాన్ని గోధుమరంగుకి తిప్పి పెళుసు చేస్తుంది. మైదాతో కాకుండా గంజిపిండితో, ఏమీ కలపకుండా అప్పటికప్పుడు ఉడికించిన పల్చటి జిగురు చాలు, చిరుగు మీద సన్నటి టిష్యూ కాగితం అతికించడానికి. ఒక రోజు దాటిన జిగురు పారబోయండి.

సిరాల సంగతి తెలియకపోతే ఒక్క తప్పుతో పేజీ మొత్తం పోతుంది. పాత బ్లూబ్లాక్ సిరాలో ఇనుము ఉంటుంది. తడికి చెదరదు గానీ, ఏళ్ళ తరబడి కాగితాన్ని కొరుకుతుంది. అక్షరం ఉన్నచోట గీతలాగా చిల్లి పడితే అదే. సిరాబిళ్ళలు కలుపుకుని రాసిన నీలం సిరా కాగితాన్ని ఏమీ చెయ్యదు, చెమట వేలు తగిలినా కారిపోతుంది. ఎర్రసిరా ఎండకి అన్నిటికంటే ముందు వెలిసిపోతుంది. అందుకే తడిసిన రిజిస్టరుని ఎండలో పరచకూడదు. పేజీ వంకర్లు తిరుగుతుంది, రాత పోతుంది.

తడిసినప్పుడు ఏం చెయ్యాలి? మన తీరానికి ఈ ప్రశ్న తప్పదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్. మూడూ రేకులు లేచిపోయి బీరువాల మీద నీళ్ళు కారినవే. తడిసిన కాగితానికి బూజు పట్టడానికి రెండు రోజులు చాలు. కరెంటు లేకపోయినా ఆ రెండు రోజుల్లోనే పని జరగాలి. తడి పుస్తకాన్ని పేజీ పేజీ విడదీయబోకండి, చిరుగుతుంది. తేలిగ్గా విడిపోయేచోట, పది పేజీలకి ఒకటి చొప్పున, అచ్చు లేని తెల్లకాగితం పెట్టండి. న్యూస్‌పేపరు వద్దు, దాని సిరా దిగుతుంది. గంటా రెండు గంటలకోసారి తడి కాగితాలు తీసి పొడివి పెట్టండి. నీడలో గాలి తగిలేచోట, కాస్త తెరిచి నిలబెట్టండి. పుస్తకాలు మరీ ఎక్కువై ఆరబెట్టే చోటు చాలకపోతే, ఒక్కొక్కదాన్నీ పాలిథిన్ సంచిలో చుట్టి ఐస్‌క్రీం దుకాణం డీప్ ఫ్రీజరులో పెట్టేయండి. గడ్డకట్టిన కాగితానికి బూజు పట్టదు. వారమో, నెలో ఆగి, ఒకటి రెండు చొప్పున తీసి ఆరబెట్టుకోవచ్చు. వినడానికి వింతగా ఉంటుంది, కానీ పెద్ద పెద్ద గ్రంథాలయాలు వరదల తర్వాత చేసేది ఇదే.

చెదకి మందు కంటే చోటు ముఖ్యం. చెద గోడలోంచి, నేలా గోడా కలిసేచోటు నుంచి మట్టి గొట్టాలు కట్టుకుంటూ వస్తుంది. చెక్క బీరువా గోడకి ఆనించి ఉంటే దానికి దారి మీరే వేసినట్టు. ఇనుప రాక్ కొనండి, గోడకి జానెడు దూరంలో పెట్టండి, అడుగు అర నేలకి జానెడు పైన ఉండాలి. రాక్ వెనక చీపురు తిరగాలి, టార్చి వేస్తే గోడ కనబడాలి. నెలకోసారి ఎవరో ఒకరు చూస్తే చాలు, గొట్టం కనబడిన రోజే ఆపచ్చు. రాక్ కాళ్ళ కింద కిరసనాయిలు గిన్నెలు పెడుతుంటారు. కాగితాల గదిలో అది నిప్పుని పిలవడమే. నాఫ్తలిన్ ఉండలు చెదని ఆపవు, కాగితం తినే వెండిపురుగుని (సిల్వర్ ఫిష్) కొంత తగ్గిస్తాయి. పెడితే గుడ్డ మూటలో పెట్టండి, పేజీకి తగలనివ్వద్దు. పురుగుపట్టిన పుస్తకం ఉంటే మిగతావాటితో కలపకుండా, గాలి పోకుండా సంచిలో మూసి రెండు వారాలు ఫ్రీజరులో ఉంచితే గుడ్లతో సహా చస్తాయి.

చుట్టడానికి గాడా గుడ్డ కావాలి. పొందూరు సన్నఖద్దరు అక్కర్లేదు, మామూలు ముతకది చాలు. కానీ ముందు వేడినీళ్ళలో రెండుసార్లు ఉతికి గంజి పూర్తిగా తియ్యండి. ఆ గంజి కోసమే వెండిపురుగు వస్తుంది. రిజిస్టరుకి సుమారు తొంభై సెంటీమీటర్ల చదరం గుడ్డ, రెండు వైపులా కట్టడానికి మీటరున్నర నూలు నాడా. నలభై రిజిస్టర్లున్న బడికి ముప్పై ఆరు మీటర్ల గుడ్డ, అరవై మీటర్ల నాడా. రబ్బరు బ్యాండు వద్దు; మన ఉక్కకి కరిగి అతుక్కుంటుంది. పైన ట్యాగు మీద నంబరూ సంవత్సరాలూ పెన్సిలుతో రాయండి.

ఫోటోలు తియ్యడం చాలామంది ఒక సాయంత్రం పనిగా అనుకుంటారు. లెక్క చెప్తాం. ఫుల్‌స్కేప్ పేజీ ఎనిమిదిన్నర అంగుళాలకి పదమూడున్నర. అంగుళానికి మూడు వందల చుక్కలు పడితేనే చిన్న రాత, చెరిపి రాసిన రాత తేలుతుంది. అంటే పేజీకి కోటి చుక్కలకి పైమాట. మీ ఫోన్ పన్నెండు మెగాపిక్సెల్ ఇస్తే ఒక పేజీకి సరిపోతుంది, తెరిచిన రెండు పేజీలకి కలిపి సరిపోదు. యాభై మెగాపిక్సెల్ అని పెట్టె మీద రాసినా చాలా ఫోన్లు మామూలుగా తీసేది పన్నెండే. కాబట్టి ఒక్కో ఫోటోకి ఒక్కో పేజీ. కిటికీ వెలుగు పక్కనుంచి రావాలి, ఫ్లాష్ వాడకూడదు. పుస్తకం నల్లగుడ్డ మీద పెట్టి, ఫోన్‌ని స్టాండుకి బిగించి పేజీకి సమాంతరంగా ఉంచండి. ఒకరు పేజీ తిప్పాలి, ఒకరు మీట నొక్కాలి. పేజీ తిప్పేవాళ్ళు చేతులు కడిగి తుడుచుకోవాలి. వేలికి ఉమ్ము తడి చేసుకోవడం మాత్రం మానాలి. స్కానింగ్ యాప్‌లు పేజీని తెలుపూ నలుపూ చేసేస్తాయి, పెన్సిలు రాత, వెలిసిన ఎర్రసిరా మాయమవుతాయి. మామూలు కెమెరాతో రంగుల్లోనే తియ్యండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, కేబులు పెట్టి కాపీ చెయ్యండి.

ఫైలు పేరులో రిజిస్టరు నంబరు, మూడంకెల పేజీ నంబరు ఉండాలి. 47 అని పెడితే 100 తర్వాత ఎక్కడికో పోతుంది, 047 అంటే వరస తప్పదు. రెండొందల పేజీల రిజిస్టర్లు నలభై ఉంటే ఎనిమిది వేల ఫోటోలు, ఒక్కోటి నాలుగు ఎం.బి. చొప్పున ముప్పై రెండు జి.బి. ఇద్దరు మనుషులు నిదానంగా తీస్తే గంటకి నూట ఎనభై పేజీలు. రోజుకి ఐదు గంటల చొప్పున తొమ్మిది సెలవు రోజుల పని. మూడు కాపీలు చెయ్యండి: ఒకటి బడిలో, ఒకటి సంఘం దగ్గర హార్డ్ డిస్కులో, ఒకటి తుపాను తగలని వేరే ఊళ్ళో. ఏడాదికోసారి మూడూ తెరిచి చూడండి.

ఫోటోలతో పని అయిపోదు. సూచిక లేకపోతే ఎనిమిది వేల ఫోటోల్లో వెతకడం కంటే పుస్తకం తిరగెయ్యడమే సులువు. అడ్మిషన్ నంబరు, చేరిన ఏడు, తరగతి, పేరు పుస్తకంలో ఉన్న స్పెల్లింగుతో, అదే పేరు తెలుగులో, తండ్రి పేరు, ఊరు, ఫోటో నంబరు. ఇంతే ఎక్కించండి. స్పెల్లింగు దిద్దకండి, సర్టిఫికెట్‌లో రిజిస్టరులో ఉన్నట్టే రావాలి. కులం, మతం, పుట్టుమచ్చలు, ఆదాయం సూచికలోకి రానివ్వద్దు. చదవలేని అక్షరం దగ్గర ప్రశ్నార్థకం పెట్టండి గానీ ఊహించి నింపకండి.

ఇక్కడే ఒక గట్టి మాట. రిజిస్టరు పేజీ ఫోటో ఏ గ్రూపులోనూ పెట్టకూడదు. ‘మా బ్యాచి పేజీ’ అని సరదాగా పెట్టేదాంట్లో పాతికమంది కులాలూ, తండ్రుల వృత్తులూ, ఎవరు ఎందుకు మానేశారన్న సంగతీ ఉంటాయి. వ్యక్తిగత సమాచార రక్షణకి 2023లో చట్టం కూడా వచ్చింది. చట్టం లేకపోయినా అది మర్యాద కాదు. సంచికలో వెయ్యదలిస్తే పేర్లు లేని లెక్కలు వెయ్యండి: పదేళ్ళకోసారి ఎంతమంది చేరారు, ఆడపిల్లలెందరు, ఎన్ని ఊళ్ళ నుంచి, ఏ తరగతిలో ఎక్కువ మానేశారు. ఎవరైనా తమ గీత తామే చూడాలనుకుంటే బడికి వచ్చి అడగచ్చు.

గ్రూపు ఫోటోలు, గౌరవ ఫలకాలు, శంకుస్థాపన రాళ్ళ గురించి క్లుప్తంగా. ఫ్రేములోని పాత ఫోటో మన తేమకి అద్దానికి అతుక్కుని ఉంటుంది, ఊడదీస్తే ముఖాలు అద్దంతో వచ్చేస్తాయి. ముందు అద్దం మీదుగానే ఫోటో తీసుకోండి. పేర్లు రాయాలంటే వెనక బాల్‌పెన్ను వాడకండి; ఫోటో నకలు మీద తలలకి నంబర్లు వేసి, వేరే కాగితం మీద నంబరు వారీగా పేర్లు రాయండి. ఆ నకలు తీసుకుని వయసులో పెద్దవాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళండి. రాతి మీద అరిగిన అక్షరాలకి సుద్దా, నూనే పూయకుండా, పొద్దున్నే ఏటవాలు ఎండలో ఫోటో తీస్తే చదవడానికి వస్తాయి. 2019 నవంబరులో ప్రభుత్వ బళ్ళని బాగుచేసే నాడు–నేడు పథకం మొదలయ్యాక బళ్ళకి రంగులు వచ్చాయి, మంచిదే. రంగు వేసేటప్పుడు ఫస్టు వచ్చినవాళ్ళ పేర్ల బోర్డులు మాత్రం చూసుకోండి. సున్నం కింద పోయిన బోర్డుకి నకలు ఉండదు.

కాలం సంగతి. ఆగస్టు నుంచి నవంబరు దాకా ఈ పని పెట్టుకోవద్దు. కాగితం తేమ పీల్చుకుని ఉంటుంది, తుపాన్ల భయం ఒకటి. సంక్రాంతి సెలవులు అయ్యాక మొదలుపెట్టి మార్చి మొదటి వారానికి ముగించండి. తర్వాత బడి పరీక్షా కేంద్రమైపోతుంది. ఆదివారాలూ, రెండో శనివారమూ, మధ్యలో వచ్చే సెలవులూ కలిపితే ఆ తొమ్మిది రోజులూ దాదాపు వస్తాయి.

చివరిగా అనుమతి. ఇవి బడి సొత్తు. ఒక్క పుస్తకం కూడా ఎవరింటికీ వెళ్ళకూడదు, ‘రేపు తెచ్చేస్తాను’ అన్నా సరే. హెడ్మాస్టరు గారికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, నకలు డి.ఇ.ఓ. (జిల్లా విద్యాశాఖాధికారి) కార్యాలయానికి పంపండి. పని జరిగేటప్పుడు బడి సిబ్బందిలో ఒకరు గదిలో ఉండాలి, ఆ రోజు వాళ్ళ భోజనం సంఘం చూసుకోవాలి. మొదటి రోజు ఫోటోలు మొదలుపెట్టకండి. ఉన్న పుస్తకాలన్నీ బల్ల మీద పెట్టి, నంబరు, మొదటి తేదీ, చివరి తేదీ, మొదటి అడ్మిషన్ నంబరు, చివరి అడ్మిషన్ నంబరు, పేజీలెన్ని, ఏవి చిరిగాయి అని జాబితా రాయండి. నంబర్ల మధ్య ఖాళీ ఎక్కడుందో, అంటే ఏ పుస్తకం లేదో, ఆ జాబితాలోనే తేలిపోతుంది. లేనివాటి కోసం పాత ప్రయోగశాల, ఆటసామాన్ల గది, అటక చూడండి.

ఆ జాబితాని హెడ్మాస్టరు చార్జి లిస్టులో కలిపించండి. అసలు పని ఇది. హెడ్మాస్టర్లు బదిలీ అవుతుంటారు. చార్జి ఇచ్చిపుచ్చుకునేటప్పుడు క్యాష్ బుక్కు, చెక్కుపుస్తకం, కంప్యూటర్లు ఒక్కొక్కటీ లెక్కచూసుకుంటారు, ‘పాత రిజిస్టర్లు, ఒక బీరువా’ అని మాత్రం ఒక్క ముక్కలో రాసేస్తారు. బీరువా అంటే లోపల ఎన్నున్నా బీరువాయే. ‘అడ్మిషన్ రిజిస్టరు 7, నంబరు 3101 నుంచి 3560 దాకా, 118 పేజీలు’ అన్నట్టు ఒక్కోదాన్నీ విడిగా రాస్తే, తీసుకునేవారు చూసి సంతకం పెట్టాలి, లేనిదాన్ని లేదని రాయాలి. జాబితా మూడు నకళ్ళు తియ్యండి, మూడింటి మీదా హెడ్మాస్టరూ సంఘం కార్యదర్శీ సంతకాలు పెట్టండి. ఒకటి చార్జి ఫైలులో, ఒకటి సంఘం మినిట్స్ పుస్తకంలో, ఒకటి రాక్ పక్కకి అతికించండి.

ఇట్లు,
బడి రికార్డుల పని తెలిసిన కొందరం
శ్రీకాకుళం – విజయనగరం